సర్వర్ తెచ్చిన ముఖం

నా తమ్ముడు బుచ్చిరాములు సిద్దిపేట నాటక మేళంలో పదిహేనేళ్లు ఆడవేషం కట్టాడు. యుద్ధం ముగిసిన యేడు వాడికి అమ్మవారు పోసి, చావు తప్పింది గాని ముఖమంతా గుంటలు పడ్డాయి. ఇంకొకరిని చూసుకుందామని మేళంలో గుసగుసలు మొదలయ్యాయి. వేషం పోతే వాడు బతకడు. ఆ భయంతో నాకు అన్నం సయించేది కాదు.

అప్పుడే సిపాయిగా పోయిన మా ఊరి సర్వర్ యుద్ధం నుంచి తిరిగొచ్చాడు. సింగపూర్‌లో మూడేళ్లు జపానువాళ్ల దగ్గర ఖైదీగా ఉన్నాడు. కాపలా సిపాయి ఒకడు తన దేశంలో నాటకాలాడేవాడట. పోతూ పోతూ కట్టెతో చెక్కిన ఆడముఖం ఒకటి ఇతనికి ఇచ్చాడు. తెల్లగా, సన్నటి నవ్వుతో ఉంది. దాన్ని చూసి తమ్ముడు ఏడ్చేశాడు.

"ఇస్త గాని, వాళ్ల పద్ధతి ఇనుండ్రి," అన్నాడు సర్వర్. "పెట్టుకునే ముందట అద్దం కాడ కూసొని దానికి దండం పెట్టాలె. చూసేటోళ్లు ఆట నడుమ చప్పట్లు కొట్టొద్దు. అది మొఖం మీదున్నంత సేపు మనిషిని సొంత పేరుతోని అస్సలు పిలువొద్దు. పిలిస్తే ఆ పేరు దానికే పోతదని చెప్పిండు వాడు."

నేను నవ్వాను. ఇరవై ఏళ్లు హార్మోనియం వాయించిన నాకు వీడా ఆట నేర్పేదని లోపల మండింది కూడా.

ఆట రోజు తమ్ముడు రంగం మీదికి రాగానే జనం గుడ్లప్పగించి చూశారు. దీపం ఊగినప్పుడల్లా ఆ ముఖం ఒకసారి నవ్వేది, ఒకసారి ఏడ్చేది. అంతలో షావుకారు రాధాకిషన్ కొత్త చీర పంపాడు. ఇనాం వస్తే పాట ఆపి, ఇచ్చినవాళ్ల పేరూ పుచ్చుకునేవాళ్ల పేరూ చదవడం మా ఆనవాయితీ. చదివేది నేనే.

"రాధాకిషన్ సేటు, మన బుచ్చిరాములుకు..."

జనంలోంచి సర్వర్ లేచి నిలబడ్డాడు. రంగం మీది ముఖం మెల్లగా నావైపు తిరిగింది. ఆట మాత్రం ఆగకుండా చివరిదాకా సాగింది.

తెర వెనక తమ్ముడు ఆ కట్టెముఖం తీసి గోడకు తగిలించాడు. కింద ఆ గుంటల ముఖం అలాగే ఉంది. నాకు ప్రాణం కుదుటపడింది.

"మస్తు చేసినవ్‌రా బుచ్చిరాములు," అన్నాను.

వాడు తల తిప్పలేదు. భుజం పట్టుకుంటే కొత్తవాణ్ని చూసినట్టు చూశాడు.

"ఎవలను పిలుస్తున్నరు?" అని అడిగాడు.

మళ్లీ పిలిచాను, ఈసారి గట్టిగా.

"గీడున్న, అన్నా," అని గోడ మీంచి నా తమ్ముడి గొంతు పలికింది.