మొదటి వరస

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అంతరిక్ష ఓడ ఎక్కుతున్నానని తమ్ముడు ఆఖరి వారం దాకా చెప్పలేదు. "వెళ్తే మళ్లీ నాతో మాట్లాడకు" అనేశాను. సాగనంపడానికీ వెళ్లలేదు. అమ్మానాన్న పోయాక మాకు మేమిద్దరమే. అయినా నోరు జారాను.

రెండేళ్లుగా లేజర్ కిరణం గురిపెట్టి ఆ ఓడకి సందేశాలు పంపే ఉద్యోగం నాదే. అవతల అందుకునేది వాడు. వాడికి పని నేర్పింది నేను. ఇప్పుడు కాంతి అక్కడికి చేరడానికి నలభై నిమిషాలు పడుతోంది. అందుకని ఓడ కనబడే చోటికి కాదు, కాంతి చేరేసరికి ఎక్కడుంటుందో అక్కడికి గురిపెట్టాలి.

సందేశంలో సొంత మాటలు రాయకూడదు. కానీ కిరణం అందిందో లేదో చూసుకోడానికి ముందు ఒక ఉత్తుత్తి వరస పంపుతాం. అందులో ఏం రాసినా అడిగేవాళ్లు లేరు. ఆ కిటుకు తమ్ముడికి చెప్పిందీ నేనే. రోజూ ఆ వరసలో "తప్పు నాదేరా, పలకరా" అని రాసేదాన్ని. బదులు లేదు. వాడి కోపం నా కోపాన్ని మించిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం ఒక్కదాన్నే డబ్బా విప్పుకుంటే ముద్ద దిగేది కాదు.

ఇవాళ ఆఖరి రోజు. ఓడ ఇక మా స్టేషన్‌కి అందదు. అంతదూరం అందుకునే స్టేషన్ ఇంకా కట్టనేలేదు.

మా సూపర్‌వైజర్‌ని వెనకాల అందరం రూల్సు అంటాం. "సార్, ఇవాళ ఒక్కరోజుకి మొదటి వరస కాస్త పొడుగ్గా రాసుకోనా?" అని అడిగాను.

"నీ ఇష్టం. అయినా చదివేదెవరు? కిరణం అందగానే అవతలి మిషనే దాన్ని చెరిపేస్తుంది."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లయింది. సర్క్యులర్ పంపాం కదమ్మా."

సర్క్యులర్లు చదివిన పాపాన నేనెప్పుడూ పోలేదు. వాటిమీద టీ గ్లాసు పెట్టుకుంటాను. రెండేళ్లూ గోడకి చెప్పుకున్నానన్నమాట.

ఉద్యోగం పోతే పోయిందని, అసలు సందేశంలోనే ఇంజిన్ లెక్కల కింద రాసేశాను: "తప్పు నాదేరా. నీమీద నాకు కోపం లేదు. జాగ్రత్తగా ఉండు." రూల్సు నా భుజంమీదుగా చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికెళ్లాడు.

గురి సరిచూసి పంపేశాను. అప్పుడు తట్టింది, వాడు పంపే మొదటి వరసని మా మిషనూ అలాగే చెరిపేస్తుంది కదా అని. సర్క్యులర్లు చదవకపోవడంలో తమ్ముడు నాకేం తీసిపోడు.

వాడి సందేశం రావడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. చెరిపే ఏర్పాటు ఎక్కడుందో వెతికి ఆపేశాను.

నలభై నిమిషాల కింద అక్కడ బయల్దేరిన వరస తెరమీద పడింది.

"అక్కా, ఇవాళైనా పలకవా? మళ్లీ కుదరదు."

దాని కింద ఇంజిన్ లెక్కలు వచ్చాయి. నా మాట ఇంకా దారిలోనే ఉంది. వాడు చదివినా, చదివానని చెప్పేలోపు మా స్టేషన్‌కి అందనంత దూరం పోతాడు.