ఎద్దులు తిరిగే చోటు

నేను ఒక గొర్రును. విత్తనం వేసే గొర్రును. నల్లతుమ్మ మాను చెక్కి, నాలుగు కొయ్య పళ్లు దిగ్గొట్టి, నెత్తిన జడ్డిగమనే చెక్క గిన్నె పెట్టి వడ్రంగి మోనాచారి నన్ను తయారు చేశాడు. ముందు ఎద్దులు లాగుతుంటే, వెనక నడిచే ఆడమనిషి పిడికిట్లోంచి గింజలు కొద్దికొద్దిగా జడ్డిగంలోకి జారవిడుస్తుంది. అవి వెదురు గొట్టాల గుండా నా పళ్లు చీల్చిన సాళ్లలో పడతాయి. ఇంతే నా చదువు. ఈ చదువుతోనే నలభై ఏళ్లు ఒక ఇంటికి అన్నం పెట్టాను.

మొదట సుంకన్న చేతిలో పనిచేశాను. ఆయన పోయాక కొడుకు మద్దిలేటి చేతికొచ్చాను. విత్తేది అప్పట్లో సుంకన్న భార్య, ఇప్పుడు కోడలు తిప్పమ్మ. నాలుగెకరాల ఎర్రనేల. కొర్రలు, కందులు. వాన పడితే తింటారు, పడకపోతే నన్ను తిడతారు. ఆకాశాన్ని తిడితే దానికి వినపడదు, నేనైతే పక్కనే ఉంటాను.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. సాలు చివరికొచ్చాక ఎద్దులు తిరగడానికి జాగా కావాలి. ఆ జాగా పక్కచేనిది. మేము వాళ్ల చేన్లోకి నాలుగడుగులు వేసి తిప్పుకునేవాళ్లం, వాళ్లు మా చేన్లోకి వచ్చి తిప్పుకునేవాళ్లు. ఒకరు అడిగిందీ లేదు, ఒకరు కాదన్నదీ లేదు.

తర్వాత ఎండకు గిరాకీ వచ్చింది. మా వైపు ఎండంటే భయపడి పిల్లనివ్వడానికి కూడా ఆలోచించినవాళ్లు, దాన్ని వెతుక్కుంటూ జీపుల్లో దిగారు. ఎండను పట్టి దీపం వెలిగించడం తప్పని నేననను. పక్కచేల వాళ్లంతా సోలార్ కంపెనీకి కౌలుకిచ్చారు. వరసగా మూడేళ్లు పంట పోయినవాడు ఇంకేం చేస్తాడు? మద్దిలేటీ ఇచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు. సోలార్ పలకల వరసల మధ్య సందు వదలాలి, ఆ సందులో తాను విత్తుకుంటాడు. నన్నూ కాడినీ మోసుకొచ్చి నేలమీద పెట్టి, ఈ వెడల్పుకు పైన ఒక జానెడు చాలన్నాడు. ఎక్కువడిగితే మొదటికే మోసం వస్తుందని భయం. కంపెనీ ఇంజనీరు ఫణికుమార్ మంచివాడే. టేపుతో కొలిచి, కాగితంలో రాయించి, వేలిముద్ర వేయించుకుని, అంత సందూ వదిలాడు. వేలెడు కూడా తగ్గలేదు.

తొలకరి పడింది. మా నేలలో పదును మూడు రోజులు. ఆ తడి ఆరేలోగా గింజ పడకపోతే ఆ ఏడు ఇంట్లో తిండిగింజలుండవు. మద్దిలేటి ఎద్దులను కట్టాడు. సందులో నేను దూసినట్టు పోయాను. సాలు చివరికొచ్చాం. ఎద్దులు అలవాటు కొద్దీ పక్కచేన్లోకి అడుగు వేయబోయి ఆగాయి. ఎదురుగా ఇనుప కంచె.

మద్దిలేటి కూడా కాసేపు ఎద్దుల్లాగే నిలబడిపోయాడు. కాడి విప్పి ఒక్కోదాన్నీ వెనక్కి తిప్పబోతే కొమ్ములు పలకలకు తగిలాయి. చప్పుడు విని ఫణికుమార్ పరుగెత్తుకొచ్చాడు.

"యాడ తిప్పల్ల సారూ?" అన్నాడు మద్దిలేటి.

"తిప్పే సంగతి కాగితంలో లేదు కదా అన్నా. అప్పుడే ఒక మాట అడిగి ఉంటే..."

"మా నాయన కాలం నుంచి పక్కోళ్ల చేన్లోనే తిప్పుతాంటిమి. అదీ అడగల్లని నాకెట్ల తెలుస్తాది?"

వరస చివరి పలకలు తీయాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలట. ఈరోజే వాళ్లకు రాస్తానన్నాడు ఇంజనీరు. పదునుకు చదువు రాదు, అది జవాబు కోసం ఆగదు.

ఒడినిండా గింజలతో నిలబడ్డ తిప్పమ్మ ఎద్దుల వైపు చూసింది. "మనకంటే ఇవే నయం. యాడా ఏలిముద్ర ఎయ్యల్యా," అంది. "వాటిని తోలుకుపోయి కట్టేయ్. మనిషైతే యాడైనా తిరుగుతాడు," అంది.

నాలుగు పళ్ల గొర్రును మనిషి లాగలేడు. మద్దిలేటి అటొకటి ఇటొకటి నా పళ్లు రెండు ఊడగొట్టాడు. జడ్డిగంలో రెండు బొక్కలకు గుడ్డపీలికలు కుక్కాడు. తాడు భుజానికేసుకుని వంగాడు. వాళ్ల నాయన కూడా నన్ను అలా లాగి ఎరగడు. రెండో సాలుకు ఫణికుమార్ బూట్లు విప్పి వచ్చి ఇంకో తాడు పట్టుకున్నాడు. మద్దిలేటి వద్దనలేదు. ఆ సాలు పాము పోయినట్టు వంకరగా పోయింది. తిప్పమ్మ నవ్వుతూనే ఉంది, పిడికిలి మాత్రం ఆగలేదు.

ఉన్నమాట చెప్పాలి. పలకల నీడన పదును ఇంకో రోజు నిలిచింది. ఆ నాలుగు రోజుల్లో ఎకరమున్నర విత్తాం. మిగిలింది బీడు. కొర్ర మొలిచింది, నాలుగు సాళ్లుండాల్సిన చోట రెండు.

పైవాళ్ల జవాబు ఇంకా రాలేదు. నేను కొట్టంలో గోడకానుకుని ఉన్నాను. ఊడిన పళ్లు రెండూ పక్కనే ఉన్నాయి. మొన్న ముసురుకు కట్టెలన్నీ తడిసి పొయ్యి రాజుకోలేదు. మద్దిలేటి వచ్చి ఆ రెండు పళ్లూ తీసుకుని పొయ్యి దగ్గరకు పోయాడు. తిప్పమ్మ వాటిని లాక్కుని, కొంగుతో తుడిచి, తెచ్చి మళ్లీ నా పక్కన పెట్టింది. ఆ పూట ఇద్దరూ తడికట్టెల పొగ కంపు కొట్టే సంగటే తిన్నారు.