అమావాస్యకు పదకొండు రోజుల ముందు

నేను ఒక గోడ క్యాలెండర్ని. బెజవాడ ప్రెస్సులో పుట్టాను. ఏలూరులో ఓ బట్టల కొట్టువాళ్ళు చీరతోపాటు ఊరికే ఇచ్చేస్తే, సువర్చల గారి వంటింట్లో మేకుకి చేరాను. ఊరికే వచ్చినదానికి విలువేముంటుంది? నేనూ మనుషుల్ని అంత తేలిగ్గా నమ్మను లెండి. నాలో రాహుకాలం చూసుకుని తీరిగ్గా బయల్దేరి, ఆలస్యమైతే ట్రాఫిక్కుని తిట్టే జాతి!

జూలై ఇరవైనాలుగు. ఆవిడ కూతురు లాలసకి ఎనిమిదేళ్ళు. రాత్రి నవ్వుతూ పడుకున్న పిల్ల, లేస్తూనే చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. తోలు ఊడేదాకా అదే పని. ఇడ్లీ పెడితే "అందులో విషం ఉందమ్మా" అని ఒకటే ఏడుపు. చక్కటి చేతిరాత కోడి కెలికినట్టయింది. అమ్మ కొంగు వదిలితే కేకలు.

ఇక ఇంట్లో అనుమానాలు బయల్దేరాయి. నాయనమ్మ వరాలమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని నన్ను చూసి, "అమావాస్య! నే అనుకుంటూనే ఉన్నా" అన్నారు. ఆ నల్లచుక్క అచ్చువేసింది ప్రెస్సువాళ్ళు తల్లీ, నాకేం తెలుసు! తండ్రికి సెల్‌ఫోను మీద అనుమానం, టీచరుకి తల్లి గారాబం మీద. సువర్చలకి తన మీదే. ముందురోజు హోంవర్కు దగ్గర పిల్లకి ఓ దెబ్బ వేసింది పాపం.

ఇరవై రోజుల్లో లాలస నాలుగు కిలోలు తగ్గిపోయింది. ఆదివారం భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామని అత్తగారు తేల్చేశారు. సువర్చల శుక్రవారమే పిల్లల మనోవైద్యురాలు నఫీసా గారికి ఫోన్ చేసింది. ఎప్పుడు మొదలైందో తేదీ రాసుకుని రమ్మన్నారావిడ. ఈవిడ రాసుకోలేదు, ఏకంగా నన్నే మేకు మీంచి తీసి చంకలో పెట్టుకెళ్ళింది.

"దీనికి ముందు జ్వరంగానీ గొంతునొప్పిగానీ వచ్చిందా అమ్మా?"

"లేదండీ, శుభ్రంగా ఉంది."

నఫీసా గారు నాకు తగ్గ మనిషి. ఒక పట్టాన నమ్మరు. నన్ను లాక్కుని గడి గడీ వెనక్కి చదివారు. 'గ్యాస్ బండ వచ్చింది.' 'కుళాయి రిపేరు.' జూలై పదమూడో తేదీ గడిలో సువర్చల గారి రాతే: 'లాలుకి గొంతునొప్పి. బడి మానింది.'

ఇంటిల్లిపాదీ నాలో అచ్చు చదివారు, చేత్తో రాసుకున్నది ఒక్కరూ చూళ్ళేదు.

"అయ్యో, అవునండీ! రెండ్రోజుల్లో తగ్గిపోతే మర్చేపోయాను."

"కొందరు పిల్లల్లో ఇలాంటి జబ్బు తర్వాత, రోగంతో పోరాడే శక్తే దారితప్పి మెదడు మీద పడుతుందేమోనని అనుమానం. దీనిమీద ఇంకా పరిశోధన జరుగుతోంది, ఖాయమని చెప్పను. పరీక్షలు చేద్దాం. ఒక్కటి మాత్రం చెప్తాను, ఇది మీ పెంపకం తప్పు కాదు."

సువర్చల గట్టిగా ఏడ్చేసింది. నాకూ గుండె చెరువైంది.

భూతవైద్యుడి మాట ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. మందులు మొదలయ్యాయి. మూడోవారంలో లాలస ఇడ్లీ సగం తింది. పూర్తిగా తగ్గిందని మాత్రం నేననను, నా అనుమానం నాది. పరిశోధనకి పనికొస్తుందని నా జూలై కాగితం డాక్టరు గారు అడిగి తీసుకున్నారు.

ఆ కాగితంలోనూ ఉన్నది నేనే కాబట్టి చూశాను: దాన్ని ఫైల్లో పెట్టి, బీరువాలోంచి పాత ఫైలొకటి తీశారు. నిహిత, తొమ్మిదేళ్ళు. 'మొండితనం' అని డాక్టరు గారి రాతే. ముందు గొంతునొప్పి వచ్చిందా అన్న సంగతి అందులో ఎక్కడా లేదు. వెంటనే ఫోన్ అందుకున్నారు.

"డాక్టర్ నఫీసానండీ. రెండేళ్ళ కిందట మీ పాపని చూశాను. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటి నేను అడగలేదు."