మత్తులో మాటలు

సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక నేను చేసే మొదటి పని చేతులు కడుక్కోవడం. వాకిట్లో చెంబుతో నీళ్లు, పక్కన కొబ్బరిచిప్పలో బూడిద సిద్ధంగా ఉంటాయి. పెట్టేది మా అత్త ఈరమ్మ. పెట్టించేది నా భర్త. ఆయన అరుగు మీద కూర్చుని, బడిపిల్లల పలకలు చూసే చూపుతోనే నా చేతుల వైపు చూస్తాడు.

"ఈ పొద్దు ఎంతమంది మొగోళ్ల ఒళ్లు తుడిచొచ్చినావే?" అంటాడు. జవాబు కోసం కాదు. అరవడు కూడా. "గట్టిగా రుద్దు. మోచేతుల దాకా" అంటాడు, పిల్లలకు దస్తూరి నేర్పినట్టు.

అప్పటికే ఆ పొద్దు ఎన్నిసార్లో సబ్బూ బ్రష్షూ పెట్టి మోచేతుల దాకా రుద్దుకొని ఉంటాను. వేళ్ల సందులు పగిలిపోయి బూడిద తగిలితే భగ్గుమంటాయి. ఆ మంటకైనా ఓర్చుకోవచ్చు గానీ, ఎదురింటి నాగరత్నమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతూ ఇటే చూస్తుంటుంది, దానికి ఓర్చుకోలేను. తల వంచుకొని కడుక్కుని లోపలికి పోతాను. ఇంక రొట్టెలు కొట్టడానికీ, బర్రెకు కుడితి పెట్టడానికీ, ఆయన కాళ్లు పట్టడానికీ ఆ చేతులకు ఏ మైలా ఉండదు.

ఆసుపత్రిలో ఇవే చేతులకు వేరే బతుకు. గిద్దలూరు దారిలో ఉండే మా మిషనాసుపత్రి చిన్నదే. అయినా పొదిలి నుంచీ కనిగిరి నుంచీ బండ్లు కట్టుకొని వస్తారు. మద్రాసులో నర్సు పని నేర్చుకొని వచ్చినప్పటి నుంచి నేనుండేది ఆపరేషను గదిలోనే. కత్తులూ కత్తెరలూ ఉడకబెట్టడం, బెదిరిపోయి వచ్చిన మనిషికి ధైర్యం చెప్పి బల్ల మీద పడుకోబెట్టడం, డాక్టరమ్మ చెయ్యి చాపకముందే అందులో ఏం పెట్టాలో తెలుసుకోవడం నా పని. అక్కడ నేను గొంతెత్తాల్సిన అవసరం రాదు. కళ్లెత్తి చూస్తే గది పనివాడు బాలన్న తలుపు మూస్తాడు, ఎలీషబా దీపం దగ్గరికి జరుపుతుంది. ఆ గదికి పెద్దగా ఉన్న దొరసాని సిస్టరు, యుద్ధం ముదురుతోందని పోయిన నెల ఓడ ఎక్కింది. ఆ చోట్లో ఇంతవరకూ మన మనిషి నిలబడింది లేదు. "నువ్వే చూసుకో దయామణీ. ఆదివారం గుడి అయ్యాక నాకు మాట చెప్పు" అంది డాక్టరమ్మ. ఆమె ఏనాటి నుంచో ఇక్కడే ఉంటూ మన తెలుగు మనకంటే నిదానంగా మాట్లాడుతుంది.

ఇంట్లో చెప్పాను. ఆయన పేరు ఎజ్రా, మిషను బడికి హెడ్మాస్టరు. చుట్టుపక్కల పల్లెల్లో మర్యాదస్తుడని పేరు. అన్నం కలుపుతూ విన్నాడు. "మొగోళ్లను గుడ్డలిప్పి పండబెట్టే గదికి పెద్దవా?" అన్నాడు. కాసేపు నమిలాక మిగతాది చెప్పాడు. "వద్దని చెప్పు. నా పేరు ఎత్తొద్దు. నీ ఇష్టమే అని చెప్పు. లేకుంటే డాక్టరు దొరసాని నన్ను మోటోడనుకుంటది."

పెద్దదాన్నయితే రాత్రుళ్లు కూడా పిలుస్తారనీ, అప్పుడు పొయ్యి ముట్టించేదెవరనీ మా అత్త పక్క నుంచి అందుకుంది. నేను సరేనన్నాను. రొట్టె కొట్టేటప్పుడల్లా ఆ మాటను నాలుక మీద తిప్పి చూసుకున్నాను. 'నాకే ఇష్టం లేదమ్మా, ఓపిక చాలదు.' చెప్పగా చెప్పగా బాగానే కుదిరింది.

అబద్ధం నాకు కొత్తది కాదు. ఎలీషబా చిన్నపిల్ల, నా దగ్గర పని నేర్చుకుంటోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఒకనాడు నా పగిలిన వేళ్లకు కొబ్బరినూనె రాస్తూ, ఇంత అలసిపోయి ఇంటికి పోతే మళ్లీ చాకిరేనా అక్కా అని అడిగింది. "లేదే, మాస్టరు గారు వాకిట్లో చెంబుతో నీళ్లు పెట్టించి, అరుగు మీద కూర్చోని నాకోసం చూస్తుంటారు" అన్నాను. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "అట్లాంటాయన దొరికితే రేపే చేసుకుంటానక్కా" అంది. అప్పటి నుంచి నేను ఇంటికి బయలుదేరితే, మాస్టరు గారి చెంబులో నీళ్లు చల్లారిపోతాయేమో బిరాన పో అక్కా అని ఆటపట్టించేది. నేను నవ్వేదాన్ని. ఆ నవ్వుతోనే నడిచి వచ్చి బూడిద ముందు కూర్చునేదాన్ని.

శుక్రవారం పొద్దున బడి ముందు బండిలోంచి మార్కాపురం పలకల పెట్టె దించబోయి ఆయన అక్కడే కూలబడ్డాడు. గజ్జల్లోకి పేగు జారి ఇరుక్కుంది. వాంతులు. మంచం మీద మోసుకొచ్చారు. పొద్దు గూకేలోపు కొయ్యకపోతే మనిషి దక్కడని డాక్టరమ్మ చెప్పింది. అంత నొప్పిలోనూ ఆయన నా మణికట్టు పట్టుకొని "నువ్వు లోపలికి రావొద్దు" అన్నాడు. నేను తప్ప చేసేవాళ్లు లేరు. ఆ సంగతి ఆయనకు డాక్టరమ్మే చెప్పింది.

మా గదిలో ఒక కట్టుబాటు ఉంది, నేను పెట్టిందే. క్లోరోఫారం మత్తు ఎక్కేటప్పుడు మనుషులు ఏవేవో మాట్లాడతారు. ఒక కరణం పక్కవాడి గట్టు ఎట్లా జరిపాడో చెప్పాడు. తేనె తియ్యబోయి చెట్టు మీద నుంచి పడ్డ బాలన్న మేనమామ, చెట్టు కింద కాచుకున్న ఎలుగుబంటిని అల్లుడా అల్లుడా అని బతిమాలాడు. విన్నదంతా చేతులు కడిగిన నీళ్లతో పాటు అక్కడే పారబోయాలి. మెలకువ వచ్చాక ప్రతి మనిషీ అడిగేది ఒకటే, నేనేమైనా మాట్లాడినానా అని. ఏం మాట్లాడలేదు నాయనా, నిద్రపోయినావు అని చెప్పాలి. నా కింద పనిచేసేవాళ్లకు కత్తుల పేర్లకంటే ముందు ఈ జవాబు నేర్పుతాను.

ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టారు. నేను చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, రెండు చేతులూ రొమ్ముకు ఎదురుగా ఎత్తి పట్టుకొని నిలబడ్డాను. కడిగిన చేతులు ఇంక దేన్నీ తాకకూడదు. ఎలీషబా ఆయన ముక్కు మీద గుడ్డ పెట్టి చుక్కలు వేస్తూ, "ఎక్కాలు చెప్పండి మాస్టరు గారూ" అంది ముద్దుగా. ఆయన పదమూడో ఎక్కం ఎత్తుకున్నాడు. పదమూడొకట్ల పదమూడు. పదమూడు రెళ్లు ఇరవయ్యారు. గొంతు ముద్దబడింది. ఎక్కం ఆగిపోయింది. ఇంక మత్తు ఎక్కింది కదా అనుకునేలోపు, అరుగు మీద నుంచి వచ్చే గొంతు స్పష్టంగా వచ్చింది.

"వచ్చినావా? ఎంతమంది మొగోళ్ల ఒళ్లు తుడిచొచ్చినావే ఈ పొద్దు? ఆడ చెంబు పెట్టించిన. రుద్దు. బూడిద పెట్టి రుద్దు. నాగరత్నమ్మ చూడనీ. సిగ్గొస్తది నీకు."

ఎలీషబా చేతిలో సీసా ఆగిపోయింది. ఆయన కాళ్లు పట్టుకున్న బాలన్న తల వంచుకున్నాడు. డాక్టరమ్మ కళ్లు నా మీదికి వచ్చి, ఠక్కున పక్కకు తప్పుకున్నాయి. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకుంటే బాగుండునని దేవుణ్ణి అడిగాను. ముఖం కప్పుకోవాలనిపించింది, చెవులు మూసుకోవాలనిపించింది. చేతులు పైకెత్తి ఉన్నాయి, తెల్లగా, శుభ్రంగా, దేనికీ పనికిరాకుండా. కన్నీళ్లు నా ముక్కుకు కట్టుకున్న గుడ్డలోకి దిగి ఉప్పగా పెదవికి తగిలాయి. నాకు సిగ్గనిపించింది ఆయన మాటకు కాదు. ఆ మాట నాకు పాతదే. చెంబుతో నీళ్లు ఎందుకో ఆ పిల్లకు తెలిసిపోయింది. ఇన్నాళ్లూ నేను నవ్విన నవ్వంతా ఆ పిల్ల ముందు బట్టల్లేకుండా నిలబడింది.

"ఎలీషబా, చుక్కలు" అన్నాను. నా గొంతే. ఆ పిల్ల సీసా వంచింది. డాక్టరమ్మ చెయ్యి చాపింది, నేను కత్తి పెట్టాను. పేగు ఇంకా చావలేదు. వేడి గుడ్డ వేసి కాచుకుంటే ఎర్రదనం తిరిగి వచ్చింది. కుట్టు పూర్తయ్యేదాకా ఆ గదిలో నేను అడిగిందీ, వాళ్లు అందించిందీ తప్ప ఇంకో మాట లేదు.

అంతా అయ్యాక నేను గుడ్డలు నానబెట్టబోతే ఎలీషబా తొట్టి లాక్కుంది. "నేను ఉతుకుతాలే అక్కా, నీ చేతులు మండుతాయి" అంది నా ముఖం చూడకుండా. చెంబు మాట ఎత్తి ఆటపట్టించి ఉంటే బతికిపోయేదాన్ని. ఆ జాలిని మాత్రం మొయ్యలేక నేరుగా డాక్టరమ్మ గదికి పోయాను. తలుపు దగ్గర నిలబడే చెప్పాల్సింది చెప్పి వచ్చాను. ఆదివారం దాకా ఆగలేదు.

వార్డులో మా అత్త గంజి తెచ్చుకొని, కొడుకు నుదురు తాకబోతోంది. "అత్తా, చేతులు కడుక్కోని ముట్టుకో. మోచేతుల దాకా" అన్నాను. ఆమె నా వైపు చూసింది. పోయి కడుక్కుంది. ఆ చేతులూ నా చేతుల్లాగే పగిలి ఉన్నాయి. ఎందుకన్నానా అని అదొక సిగ్గు.

ఆయనకు మెలకువ వచ్చింది. నీళ్లడిగాడు. తడిగుడ్డతో పెదవులు అద్దాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నేనేమన్నా మాట్లాడినానా?" అన్నాడు.

పక్క మంచం దగ్గర ఎలీషబా రోగి చెయ్యి పట్టుకొని నాడి చూస్తోంది. తల ఎత్తలేదు గానీ వింటోంది. నేను నేర్పిన జవాబు ఏమిటో ఆ పిల్లకు తెలుసు. నా నాలుక మీద కూడా అదే ఉంది.

"మాట్లాడినారు" అన్నాను. "రోజూ వాకిట్లో అనేదే అన్నారు. అందరం విన్నాం."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అటు తిరిగే, "బయట చెప్పొద్దని చెప్పు వాళ్లకు" అన్నాడు.

"చెప్పరు. ఆ గదిలో అది నేను పెట్టిన కట్టుబాటు."

"ఆదివారం డాక్టరమ్మకు ఏం చెప్తావు?"

"ఒప్పుకున్నానని ఈ పొద్దే చెప్పినా." దుప్పటి సర్ది, కట్టు తడిసిందేమో చూశాను. తడవలేదు. "మీరు చెప్పమన్నట్టే, నా ఇష్టమే చెప్పినా. మీ పేరు ఎత్తలేదు."