పెనుకొండ మీదుగా ఒకే తీగ

పెనుకొండ పోస్టాఫీసులో టెలిఫోను బోర్డు ముందున్న కుర్చీకి అమృతవల్లిని ఎవరూ తాళ్లతో కట్టేయలేదు. కట్టేసినట్టే ఉండేది, అంతే. చెవులకు తగిలించుకున్న హెడ్‌సెట్టు తీగ మూడు మూరల పొడవు. కిటికీ దాకా వస్తుంది, గడప దాకా రాదు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మార్చుకునే మనిషి వచ్చేవరకు, కొండ మీది కోట గోడను ఊచల్లోంచి చూస్తూ కూర్చోవలసిందే. అయినా ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. తల్లి పోయి ఏడేళ్లయిన ఇంట్లో, పాతికేళ్ల పిల్లకు నాది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

ఆ అరవై నాలుగో సంవత్సరంలో హిందూపురం నుంచి ధర్మవరం దాకా ట్రంకు లైను ఒక్కటే. ఆ ఒక్క తీగే పెనుకొండలో దిగి, మళ్లీ స్తంభాలెక్కి పోయేది. గంట ఒకసారి మోగితే హిందూపురానికి, రెండుసార్లు మోగితే పెనుకొండకు, మూడుసార్లు మోగితే ధర్మవరానికి. రెండు ఊళ్లు మాట్లాడుకుంటుంటే మూడో ఊరు నోరు మూసుకొని కూర్చోవాలి. పక్క గదిలో పోతులయ్య కొట్టే టెలిగ్రాములకు ఈ బాధ లేదు. అవి కాగితాలు. వరసలో పడి ఉంటాయి, వాటి తీగ ఖాళీ అయినప్పుడల్లా ఒక్కొక్కటే జారుకుంటాయి. టెలిఫోను మాట అట్లా కాదు. పెళ్లి ఊరేగింపు వీధిని ఆక్రమించినట్టు, నడిచినంతసేపూ దారి మొత్తం దానిదే.

జనానికి ఇదంతా తెలియదు. హిందూపురంలో ఫోను ఎత్తితే మాట నేరుగా పోయి ధర్మవరంలో వాలుతుందనే వాళ్ల నమ్మకం. నడుమ పెనుకొండలో ఒక ఆడపిల్ల చెవి ఉందని ఎవరికీ తట్టదు. తట్టకపోవడమే మేలు, లేకపోతే సగం వ్యాపారాలు ఆగిపోతాయి. ఆ చెవికి కూడా తాళం ఉంది. ఉద్యోగంలో చేరిన రోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. లైను మీద విన్నది ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఉద్యోగం ఉండదు.

సోమవారం పొద్దున ఆ తాళం ఆమె గొంతుకే పడింది. హిందూపురంలో బట్టల అంగడి గంగాధర, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే తన మేనమామ గోవిందప్పకు ఫోను చేశాడు. ఈ గంగాధర తమ్ముడు కేశవమూర్తికే అమృతవల్లిని అడిగి పదిరోజులయింది. పిల్ల ఉద్యోగం మానక్కర్లేదు, హిందూపురానికి బదిలీ చేయించుకుంటామని పెళ్లిచూపుల్లో ఒకటికి రెండుసార్లు చెప్పిపోయారు. మాట అటూ ఇటూ సరిగ్గా పోతోందో లేదో మొదట కాసేపు వినడం ఆపరేటరు పని. విని తప్పుకోవాలి. తన పేరు వినబడ్డాక తప్పుకునే మనిషి మాత్రం ఇంకా పుట్టలేదు.

“బదిలీ అని చెప్పినాం లే మామా, నమ్మినారు. తాళి పడినాక రాజీనామా మనమే రాయిస్తాం. మనింటి కోడలు ఊరోళ్లకు గంటలు కొడతా కూర్చునేదేంది?”

“ఆ మాట ముందే యాడా అనొద్దురా,” అన్నాడు గోవిందప్ప.

విన్నది చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పెళ్లవుతుంది, అప్పుడూ ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్లు కనీసం నూతికీ గోతికీ మధ్య నిలబడడానికైనా చోటు వదిలారు.

ఆమె తండ్రి హనుమంతరాయుడిది బజారులో దినుసుల అంగడి. ఎవరు కొట్లాడుకున్నా తీర్పుకు ఆయన దగ్గరికే వస్తారు. ఆయనకు రెండే పట్టింపులు. మాట ఇస్తే తప్పకూడదు, మాట అంటే కారణం ఉండాలి. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఈ సంబంధం వద్దంది అమృతవల్లి.

“కారణం చెప్పమ్మా.”

“కారణం లేదు నాయనా. వద్దంతే.”

“కారణం లేని మాట నా దగ్గర చెల్లదు. పిల్లోడు నెమ్మదస్తుడు. ఉద్యోగం మాన్పించం అంటాండారు. ఇంగేం గావల్ల నీకు?”

ఏం కావాలో చెప్పడానికి నోరుంది, హక్కు లేదు. ఆ రాత్రంతా, మర్నాడంతా ఆయన మీద కోపంతో రగిలిపోయింది. పాపం ఆయన తప్పేముంది అనుకొని మళ్లీ ఏడ్చింది.

బుధవారం పదకొండున్నరకు హనుమంతరాయుడు ఉతికిన పంచె కట్టుకొని పోస్టాఫీసుకు వచ్చాడు.

“హిందూపురానికి కలుపమ్మా. పన్నెండుకు రాహుకాలం వస్తాది. ఆలోగా మాట ఇచ్చేయల్ల.”

“ముందు ఇంకా ఇద్దరుండారు నాయనా. కూర్చో.”

ఒక్కో కాల్‌కు మూడు నిమిషాలే గడువు. అది అయిన వాళ్లకు ఇంకో మూడు నిమిషాలు ఇచ్చుకుంటూ పోతే చాలు, పన్నెండు దాటిపోతుంది. ఆ ఆశ పుట్టకపోలేదు. కానీ రాహుకాలం గంటన్నరే, ఆయన పట్టుదల జీవితకాలం. ఎవరి మూడు నిమిషాలు వాళ్లకిచ్చి, పదకొండూ నలభై ఆరుకు తండ్రిని ఫోను ఉన్న చెక్క గదిలోకి పంపింది. ప్లగ్గు లైనులో గుచ్చి, హిందూపురానికి ఒక గంట కొట్టింది. తన మెడకు ఉరి తానే బిగించుకోవడం అంటే ఇదే కాబోలు అనుకుంది.

ట్రంకు కాల్ అంటే అరవాలని హనుమంతరాయుడి ఉద్దేశం. “ఖాయమప్పా గంగాధరా! మాట ఇస్తాండా!” అన్న కేక తలుపు దాటి ఆఫీసంతా వినిపించింది. పోతులయ్య పక్క గదిలోంచి తల బయటపెట్టి ఆమెను చూసి నవ్వాడు.

మాటలయిపోయాయి. హనుమంతరాయుడు మాత్రం ఫోను చెవికే పెట్టుకొని నిలబడ్డాడు. అది ఆయన అలవాటు. ఇంటికొచ్చిన వాళ్లను సాగనంపితే బస్సు కదిలేదాకా కదలడు. ఫోను దగ్గరా అంతే, అవతలివాళ్లు ఇంకా ఉన్నారేమో, ముందు పెట్టేస్తే అమర్యాద కదా అంటాడు. అమృతవల్లి ఎన్నోసార్లు కేకలేసింది. వింటేనా.

ఇంతలో లైను మీద మూడు గంటలు మోగాయి. గంగాధర ధర్మవరానికి అర్జెంటు కాల్ ముందే రాయించుకున్నట్టున్నాడు. శుభవార్త మేనమామకు చెప్పాలి మరి.

మాటలయిపోతే ప్లగ్గు తీసేయాలని రూలు. ఫోను పెట్టేదాకా తీయకూడదని కూడా రూలు ఉంది. రెంటిలో ఏది న్యాయమో అమృతవల్లికి బాగా తెలుసు. ప్లగ్గు ఉన్నంతసేపూ తీగ మీద పోయే మాటంతా తండ్రి చెవిలోనూ పడుతుంది. ప్లగ్గు మీద చెయ్యి వేసింది. తీయలేదు. తనకు వినబడకుండా చెవి దగ్గరి మీట మాత్రం మూసేసి, చెక్క గది అద్దంలోంచి తండ్రి ముఖం చూస్తూ కూర్చుంది.

మొదట ఆయన నవ్వుతూనే ఉన్నాడు, తెలిసిన గొంతు వినబడిందని కాబోలు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఫోనును చెవి నుంచి తీసి దానివైపు ఒకసారి చూశాడు. మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. చివరికి మెల్లగా కొక్కేనికి తగిలించాడు. ఫోను పెట్టేసినట్టు గుర్తుగా బోర్డు మీద చిన్న రేకు మూత టప్పుమని పడింది. అమృతవల్లి ప్లగ్గు లాగేసింది.

ఆయన బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

“నీకు ముందే తెల్సునా?”

“లైను మీది మాట చెప్పకూడదు నాయనా.”

“చెప్తే?”

“ఈ కుర్చీ పోతాది.”

“నేను ఇంతసేపు ఇంటాండేది నీకు తెలీలేదా?”

అబద్ధమాడవచ్చు. ఆడలేకపోయింది. “తెల్సు,” అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. చేసింది తప్పేనని, అయినా మళ్లీ చేయమంటే చేస్తానని ఆమెకు అనిపించింది.

గోడ గడియారం పన్నెండు కొట్టింది. హనుమంతరాయుడు లేచి కండువా సర్దుకున్నాడు.

“హిందూపురానికి ఇంగొకటి రాయి. అర్జెంటు.”

“రాహుకాలం నాయనా.”

“తెల్సు. రాయి.”

ధర్మవరం మాటలు ముగిసి లైను ఖాళీ కాగానే ఆమె ఒక గంట కొట్టింది. “ఎవరూ?” అన్న గంగాధర గొంతు వినబడగానే మీట మూసేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఈసారి తండ్రి అరవలేదు. అద్దంలోంచి ఆయన పెదవులు కదలడం ఒక్కటే కనిపించింది. నలుగురికీ తీర్పు చెప్పే మనిషి, బడిలో నిలబెట్టిన పిల్లవాడిలా తల వంచుకొని వింటున్నాడు. తీగ ఆమెను వదిలి ఆయనను పట్టుకుంది.

ఉన్నట్టుండి రేకు మూత పడింది. అవతల మనిషి ఇంకా మాట్లాడుతుండగానే హనుమంతరాయుడు ఫోను పెట్టేశాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

“వద్దని చెప్పేసినా,” అన్నాడు బయటికొచ్చి.

“ఎందుకని అడగలేదా?”

“అడిగినారు. మూడుసార్లు అడిగినారు. మాట తప్పినోడివి, మొగోడివేనా అన్నారు.”

“నువ్వేం చెప్పినావు నాయనా?”

ఆయన గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

“కారణం లేదప్పా, వద్దంతే అన్నా.”

లైను మీద మళ్లీ మూడు గంటలు మోగాయి. హనుమంతరాయుడు మాట తప్పాడన్న కబురు ధర్మవరానికి బయలుదేరింది. అమృతవల్లి ప్లగ్గు తీసేసి దారి ఇచ్చింది.