గంప కింద యావజ్జీవం

చెయ్యని హత్యకు ఉరిశిక్ష పడి, ఏళ్ల తర్వాత నిర్దోషిగా విడుదలైన వీరరాఘవులు రేపల్లె బస్సెక్కి నగరం అనే తన ఊళ్లో దిగి ఇంటికి చేరాడు. పెరట్లో భార్య రావమ్మ కత్తి నూరి, పుంజు రెక్కలు పట్టుకుని కూర్చుంది.

"మీరొచ్చారని కూరండీ. పైగా ఈ దొంగవెధవ నేను పెట్టిన వడియాలన్నీ తినేశాడు."

"తింటుంటే చూశావా?"

"చూడాలేంటండీ? ముక్కుకి పిండి ఉందిగా!"

"పడిపోయినోణ్ణి లేపబోతే నా చొక్కాకీ రక్తం అంటింది. దానికేగా ఉరన్నారు. వదిలెయ్యవే."

ఆ పూట సొరకాయ వండింది. మర్నాడు ఇద్దరి కళ్లముందే పుంజు మళ్లీ పెట్టిన వడియాలు పొడుచుకు తింది.

"ఇప్పుడేమంటారు?" అంది రావమ్మ నడుం మీద చేతులేసుకుని.

రాఘవులు కోళ్లగంప తెచ్చి పుంజు మీద బోర్లించాడు.

"తప్పు చేసినా సరే, ఉరి మాత్రం వద్దే. యావజ్జీవం."

"మరి నాకేంటండీ, రోజూ ఈ సొరకాయ శిక్ష?"