కొర్రల కళ్లంలో పదో విమానం

మా తమ్ముడు దేవరాజుకు విమానాల పిచ్చి. చూసే పిచ్చి కాదు, తోలే పిచ్చి. హైదరాబాదులో బ్యాంకు గుమాస్తా. ఆదివారం గుడిలో ప్రార్థన వదలగానే ఫ్లయింగ్ క్లబ్బుకు పరుగెత్తేవాడు. జీతంలో సగం పెట్రోలు చేసి గాల్లో పోసేవాడు. నేను తిడితే ఒకటే మాట: "సిగరెట్టు లేదు, సినిమా లేదు. ఇదొక్కటే గదక్కా నాకు!"

సరే, తోలడం వచ్చింది కదా, ఊరుకోవచ్చు కదా. ఊరుకోడు. ఒక రకం అయ్యాక ఇంకో రకం తోలాలి. పది రకాలు తోలాలని పట్టు పట్టాడు. అన్నీ గాల్లో పోయేవే కదరా అంటే నాకు ఎద్దుల లెక్క చెప్పాడు.

"ఒక్కో ఎద్దుకు ఒక్కో నడక ఉండదా అక్కా? ఇదీ అంతే. ఒకటి మెత్తగా దిగుతాది. ఇంకోటి గునుస్తాది. దాని గుణం తెలుసుకునే దాంట్లోనే ఉండాది సంతోషం."

కొత్త రకం తోలినప్పుడల్లా ఆళ్లగడ్డకు బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. నేను జొన్నరొట్టెకు పిండి కలుపుతుంటే పక్కన కూర్చుని, ఇంత ముద్ద తీసుకుని ఆ విమానాన్ని పిండితో చేసి చూపించేవాడు. రెక్కలు పైనున్నది ఒకటి, కిందున్నది ఒకటి, రెండంతస్తుల రెక్కలున్నది ఒకటి. ఒకసారి ఇంజనే లేనిది చేశాడు. అప్పటికి మా అమ్మ బతికే ఉంది. ఆమె గుండె పట్టుకుంది.

"ఇంజను లేకుండా ఎట్ల పోతాదిరా?"

"గద్దకు ఇంజనుండాదామా?"

ఆ పిండి విమానాలను పెనం మీద కాల్చేదాన్ని. రెక్క నాకంటే నాకని పిల్లలు కొట్టుకునేవాళ్లు. అట్లా తొమ్మిది విమానాలు మా ఇంట్లో తిన్నాం.

తొమ్మిది దగ్గర వాడి బండి ఆగిపోయింది. క్లబ్బులో ఉన్నవన్నీ తోలేశాడు, కొత్తవి రావడం లేదు. వాడి విమానం ఆగితే మాకేమిటి అనుకోవచ్చు. కానీ దాంతో పాటు ఒక పెళ్లి కూడా ఆగింది.

మా ఆయన ఇస్సాకుకు ఒక చెల్లెలు, లూదియా. రుద్రవరం బడిలో పంతులమ్మ. ఆ పిల్లను మావాడికి ఎప్పుడో అనుకున్నాం. ఇద్దరికీ ఇష్టమే. అయితే వీడిదొక నియమం. "పెండ్లయినాక నా జీతం ఇంటిది, గాలిది గాదు. పది అయినాకే తాళి" అన్నాడు. మాట న్యాయంగానే ఉంది కానీ, పిల్ల ఎన్నాళ్లని చూస్తుంది? ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు వేసవి సెలవుల్లో మా వాకిట్లోనే తేల్చి చెప్పింది.

"బావా, ఈ క్రిస్మస్ దాకా చూస్తా. ఆ పైన మా అన్న ఎవర్ని చూపిస్తే వాన్ని చేసుకుంటా. సైకిలు తొక్కేవాడైనా సరే."

"సైకిలు రకరకాలు తొక్కేవాడైతే?" అన్నాడు వీడు.

"నవ్వు బావా, నవ్వు. జనవరిలో నేనూ నవ్వుతా" అంది ఆమె.

ఆ ఏడు నంద్యాల చుట్టూ పత్తికి పురుగు పట్టింది. దసరా పోయాక మందు చల్లే విమానం దిగింది. పసుపుపచ్చ రంగు, పొట్టనిండా మందు, కూర్చోవడానికి ఒక్కటే సీటు. దాన్ని తోలే పైలట్ సుబ్బరాయుడు మావాడికి క్లబ్బులో స్నేహితుడు. మావాడు సెలవు పెట్టి నంద్యాలకు వచ్చి అతన్ని పట్టుకుని వదల్లేదు. కంపెనీ అనుమతి తెప్పించుకున్నాడు. రెండు రోజులు దాన్ని నేలమీదే తిప్పి గుణం తెలుసుకున్నాడు. అప్పుడు సుబ్బరాయుడు మాట ఇచ్చాడు.

"శనివారం పొద్దున ఖాళీ విమానాన్ని ఆళ్లగడ్డకు నువ్వు తోలుకురా. నేను జీపులో ముందే పోయింటా. ఆడ సక్కగా దించినావా, నీ పదోది అయినట్టే. దించలేక వెనక్కి వచ్చినావా, మళ్లీ అడగొద్దు. చేన్లు ఎదురు చూస్తాండాయి. నీ ముచ్చటకు రెండోసారి ఇయ్యలేను."

ఆళ్లగడ్డలో విమానం దిగడానికి కంపెనీవాళ్లు ఊరవతల బీడును చదును చేశారు. రాతిగుండు లాగి, నీళ్లు చల్లి, మళ్లీ గుండు లాగి, నల్లరేగడిని అరుగులా గట్టిపరిచారు. చేసినవాళ్లు ఎందుకు చేస్తున్నామో ఊరికి చెప్పలేదు. ఊరు కూడా అడగలేదు, ఎందుకంటే చూస్తేనే తెలిసిపోతుంది కదా! గుండు లాగి, నీళ్లు చల్లి నేలను గట్టిచేసేది ఇంక దేనికి? కొర్రలు కోసిన కాలం. ఈసారి పంచాయతీ వాళ్లు అందరికీ కలిపి ఒకే కళ్లం చేయించినట్టున్నారు, మంచి పనే అనుకుంది ఊరు. శుక్రవారం సాయంత్రానికి బండ్లు వరుస కట్టాయి. పొడుగ్గా ఉన్న కళ్లం కదా, ఈ కొస నుంచి ఆ కొస దాకా కొర్ర వెన్నులు పరిచేశారు.

మావాడి కబురు అంది శనివారం పొద్దున లూదియా మొదటి బస్సుకే వచ్చింది. విమానం ఎక్కడ దిగుతుందో మావాడు నాకు చెప్పలేదు. జీపు పోయిన దారిన ఆమె, నేను పోయాం. పోయి చూస్తే సుబ్బరాయుడు తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా మా ఆయన గంపతో కొర్రలు పరుస్తున్నాడు.

"యోవ్, ఈడ విమానం దిగాల!" అని అరిచాను నేను.

"కళ్లంలో విమానమేందే?" అన్నాడు మా ఆయన. "దానికి యాడా తావే లేదా?"

ఇంతలో నంద్యాల వైపు నుంచి జుమ్మని శబ్దం. పసుపుపచ్చ విమానం మా తలల మీదుగా పోయి, తిరిగి, మళ్లీ పోయింది. లోపల మావాడు ఏం అనుకున్నాడో ఏమో! సుబ్బరాయుడు జీపులోంచి ఎర్రగుడ్డ తీశాడు. అది ఊపితే వెనక్కి పొమ్మని గుర్తు.

లూదియా పోయి అతని చెయ్యి పట్టుకుంది. "అన్నా, నీకు దండం పెడతా. ఆ గుడ్డ కాసేపు మడిచి పెట్టు."

"ఎంతసేపమ్మా? పెట్రోలు నీళ్లా?"

"వాళ్లు ఎత్తేంత సేపు." అని ఆమె కళ్లం నడుమకు పోయి బడిలో పిల్లల్ని కేకేసినట్టు ఒక్క కేక వేసింది. "అమ్మల్లారా, అన్నల్లారా! నా పెండ్లి పైన తిరుగుతాంది! దించనిస్తారా లేదా?"

అంతే. నవ్వులే నవ్వులు. గోనెపట్టలు తెచ్చినవాళ్లు గోనెపట్టలు, దుప్పట్లు తెచ్చినవాళ్లు దుప్పట్లు. వెన్నులన్నీ ఈడ్చి గట్టు మీదికి చేర్చారు. "పంతులమ్మా, పెండ్లికి మాంసమేనా?" అని ఒకరు, "పైనుంచి దూకమను, మేం పట్టుకుంటాం" అని ఇంకొకరు. మా ఆయనే అందరికన్నా ముందు ఈడ్చాడు, నా కళ్లలోకి చూడకుండా.

ఒక్క కుప్ప మిగిలింది, కళ్లం నడుమ. పెద్దరైతు ఓబులేసుది. ఆయన అందరికన్నా ముందే వచ్చి, ఎద్దులతో తొక్కించి, రాశి పోసి, చుట్టూ బూడిదతో గీత గీశాడు. ఆ గీత గీశాక తూర్పారబట్టి కొలిచేదాకా రాశిని కదిలించకూడదు. ఆయన తండ్రీ కదిలించలేదు, తాతా కదిలించలేదు.

"పెదనాయనా, నీ కాళ్లు మొక్కుతా" అంది లూదియా.

"నువ్వు మొక్కితే నా బిడ్డ మొక్కినట్టే. కానీ గీత గీసినానమ్మా. గాలొస్తే తూర్పారబట్టి ఇప్పుడే ఎత్తేస్తా. గాలి యాడుంది? రేయి నుంచి ఆకు కదల్లేదు."

లూదియా పైకి చూసింది. "గాలి నేను తెప్పిస్తా. తూర్పారబడతావా?"

"బడతా."

ఆమె సుబ్బరాయుడి దగ్గరికి పరుగెత్తింది. "అన్నా, కుప్పకు ఇవతలున్న బాట చాలదా దిగేదానికి?"

అతను అడుగులేసి చూశాడు. "ఖాళీ విమానమే. దాని గుణం తెలిసినోడైతే దిగుతాడు. తెలియనోడైతే కొర్రల్లో పండుకుంటాడు."

"రెండు రోజులు నువ్వే గదా నేర్పింది?"

సుబ్బరాయుడు జీపు దగ్గరికి నడిచాడు. మందు చల్లేటప్పుడు చేను చివర పట్టుకునే తెల్లజెండా ఒకటి తీసి ఇచ్చాడు. లూదియా దాన్ని పట్టుకుని రాశికి బాగా ముందు, బాటకు పక్కగా నిలబడింది. ఇక్కడికల్లా ఆగాలి అని గుర్తు. నేను కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను కానీ, ఒక కన్ను తెరిచే ఉంచాను. చూడకుండా ఎట్లా ఉంటాం?

విమానం దూరంగా పోయి తిరిగింది. చిన్నగా, కిందికి, ఇంకా కిందికి. తుమ్మచెట్ల కొనలు తాకుతుందేమో అనిపించింది. బాట మొదట్లోనే చక్రాలు ఆనాయి. ఒకసారి ఎగిరి, మళ్లీ ఆనాయి. దుమ్ము లేచింది. దుమ్ములో నాకు తెల్లజెండా ఒక్కటే కనబడుతోంది. జెండా కదల్లేదు. దుమ్ము తగ్గాక చూస్తే పసుపుపచ్చ ముక్కు జెండా దాకా రాకముందే, మూడు బండ్ల దూరంలో బుద్ధిగా నిలబడి ఉంది.

ఊరంతా ఈలలు. మావాడు ఇంజను ఆపబోయాడు. లూదియా రెండు చేతులూ ఊపింది.

"ఆపొద్దని చెప్పన్నా! తోక ఇట్ల తిప్పమను, కుప్ప పక్కకు!"

"ఏందమ్మా, ఇది విమానమా, తూర్పారబట్టే మిషనా?" అన్నాడు సుబ్బరాయుడు. కానీ నవ్వుతూనే పోయి సైగ చేశాడు. ఎవరూ ముందరికి పోకుండా తాడు కట్టించాడు. విమానం తిరిగింది. దాని తోక గాలి బుస్సుమని రాశి మీదికి వచ్చింది. ఓబులేసు చేట ఎత్తి పోశాడు. పొట్టు ఎగిరిపోయింది. గింజలు కూడా ఎగిరిపోయాయి.

"అబ్బోడా! తగ్గించప్పా, తగ్గించు! గింజ పోతాంది!" అని కేక. మావాడు తగ్గించాడు. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ! అట్లుండు, నా సామీ!" ఎద్దుతో మాట్లాడినట్టే మాట్లాడాడు ఓబులేసు. పొట్టు అటు, బంగారు గింజలు ఇటు. చేటల మీద చేటలు. రాశి చూస్తుండగానే తేలిపోయింది, కొలిచి మూటలు కట్టి బండికెత్తారు, బాట ఖాళీ అయింది. సుబ్బరాయుడు విమానంలో మందు నింపుకుని చేన్ల మీదికి పోయాడు. పోయే ముందు మావాడి భుజం మీద కొట్టి, "పదోదే కాదు, పదకొండోది గూడా అయిందిరా నీకు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నా రొట్టె పిండిని దేవరాజు ముట్టుకోలేదు. లూదియానే విమానం చేసింది. తోక వెనకాల చిన్న కుప్ప కూడా పెట్టింది.

మరుసటి రోజు ఆదివారం. మా గుళ్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. పాస్టరుగారు దేవరాజు పేరు, లూదియా పేరు చదివి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలపండి" అన్నారు. ఎవరూ ఎప్పుడూ ఏమీ అనరు. అది చదవడం ఒక పద్ధతి, అంతే.

"నాకుండాది" అని వెనకాల నుంచి గొంతు.

అందరం తిరిగి చూశాం. గుడి వాకిట్లో ఓబులేసు. పెళ్లికని కొత్త కొర్రల మూట భుజాన మోసుకొచ్చాడు. చెప్పులు బయట విడిచి, మూట దించకుండానే అడిగాడు.

"ఈ పిల్లోడు పెండ్లయినాక విమానాలు మానేస్తాడంట గదా. మరి వచ్చే ఏడు గాలి లేకపోతే నా కొర్రలు ఎవరు తూర్పారబడతారు?"

పాస్టరుగారే ముందు నవ్వారు. గుడి గుడంతా నవ్వింది. లూదియా ముసుగు సర్దుకుని లేచి నిలబడింది.

"ఏడాదికొకసారి నేను సెలవిస్తాలే పెదనాయనా. నువ్వు ఆ మూట దించు."

మూట దించాడు. ప్రకటన మిగతాది పాస్టరుగారు నవ్వు ఆపుకుంటూ చదివారు.